'ముందుగా వస్తాం' అనే గడి: మూడేళ్ళ వాడకం తర్వాత

మా అమ్మాయి వాలీబాల్ జట్టులో ఆట తప్ప మిగతా పనులన్నీ నావే. రైలు టికెట్లు, గదులు, ఇడ్లీల లెక్క, పోయిన సాక్సుల మీద విచారణ, అన్నీ. జట్టులో పన్నెండుమంది ఆడపిల్లలు, అందరూ పదిహేడేళ్ళ లోపువాళ్ళే. కోచ్ గారితో, నాతో కలిపి పధ్నాలుగు మందిమి. నెల్లూరు నుంచి మూడేళ్ళలో పదకొండు టోర్నమెంట్లకు వెళ్ళాం. పదకొండుసార్లూ గదులు ఒకే యాప్‌లోని బృంద బుకింగ్ ద్వారానే తీసుకున్నాం. ఆ యాప్ పేరు రాయను. నా తగువంతా అందులోని ఒక చిన్న గడితో.

ముందు మంచి చెప్పేస్తాను. డబ్బు వసూలు చేసే పని నా నెత్తి మీదినుంచి దిగిపోయింది. ఇదివరకు పన్నెండు ఇళ్ళకు ఫోన్లు చేసేదాన్ని. "రేపు వేస్తానక్కా" అన్నవాళ్ళను రెండోసారి అడగలేక నా డబ్బే పెట్టేదాన్ని. ఇప్పుడు ఎవరి వాటా లింకు వాళ్ళ ఫోనుకే వెళుతుంది, కట్టనివాళ్ళకు గుర్తుచేసేదీ యాపే. పేర్లు మార్చుకోవడమూ అంతే సులువు. ఒకమ్మాయి చీలమండ మెలిక పడి ఆగిపోతే, బయలుదేరే రోజు మధ్యాహ్నం ఇంకో పిల్ల పేరు చేర్చాను, పైసా అదనంగా అడగలేదు. రైలు టికెట్టుతో ఇలా కుదరదు. గుర్తింపు ఉన్న విద్యాసంస్థ పిల్లలైతే 48 గంటల ముందు ప్రిన్సిపాల్ లేఖ ఇచ్చి, ఒక్కసారికి పేరు మార్పించుకోవచ్చు. మాది బడి జట్టు కాదు, క్లబ్బు. ఆ వెసులుబాటు మాకు లేదు.

ఈ రెండిటి గురించీ నాకు తెలిసిన కోచ్‌లకు ఎంతో గొప్పగా చెప్పాను. చెప్పినవాటిలో మూడోది ఈ గడి. బుకింగ్ పేజీలో చేరే వేళ పక్కన 'ముందుగా వస్తాం' అని ఉంటుంది. దాన్ని నొక్కితే ఆకుపచ్చ టిక్కు పడుతుంది, 'హోటల్‌కు తెలియజేశాం' అని సందేశం వస్తుంది. రాత్రి రైళ్ళలో తిరిగే మాలాంటివాళ్ళకు అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

మొన్న డిసెంబరు చివరి వారంలో విశాఖపట్నం వెళ్ళాం. నెల్లూరు నుంచి సుమారు 600 కిలోమీటర్లు. సాయంత్రం ఎక్కితే రైలు తెల్లవారుజామున నాలుగున్నరకు దింపింది. మూడు ఆటోలలో బ్యాగులు, బంతుల సంచి, పిల్లలు, అంతా కలిసి ఐదింటికి హోటల్ ముందు దిగాం. గుమస్తా కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. లేపాను.

"చెక్-ఇన్ పన్నెండింటికండి, మేడమ్."

"ముందుగా వస్తామని పెట్టాం కదా, బాబూ." ఫోనులో ఆకుపచ్చ టిక్కు చూపించాను.

"అది అడగడం వరకేనండి. ఖాళీ ఉంటే ఇస్తాం. ఇది అరకు సీజను, ఒక్క గదీ ఖాళీ లేదు."

గదికి ముగ్గురు చొప్పున పిల్లలకు నాలుగు గదులు, నాకొకటి, కోచ్ గారికొకటి అని రెండు రాత్రులు కూర్చుని యాప్‌లో వేసిన జాబితా ఉంది. ఎవరు ఎవరితో పడుకుంటే నిద్రపోతారో, ఎవరిని కలిపితే తెల్లవార్లూ కబుర్లేనో అంతా ఆలోచించి వేసింది. గుమస్తా దగ్గరున్న కాగితం చూశాను. అందులో నా పేరు, ఆరు గదులు, అంతే. ఆ జాబితా హోటల్‌కు చేరనే లేదు. నేను ఇన్నాళ్ళూ మెచ్చుకున్నదాంట్లో ఇదొకటి కూడా ఉందని ఇక్కడే ఒప్పుకోవాలి.

లాబీలో సోఫాలు రెండే. ఇద్దరు పిల్లలు బంతుల సంచి మీద తలపెట్టి పడుకున్నారు, మిగిలినవాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. ఎనిమిదిన్నరకు మైదానంలో ఉండాలి. రిసెప్షన్ పక్కన ఉన్న మరుగుదొడ్డి ఒక్కటే, దాని గొళ్ళెం సరిగా పడదు. ఒకమ్మాయికి నెలసరి ఆ రాత్రి రైల్లోనే మొదలైంది. ఆ పిల్ల ఏమీ అడగలేదు, నా చెయ్యి పట్టుకుని నిలబడింది. హోటళ్ళలో పన్నెండు గంటలు అనే అంకెను ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళు రాత్రి రైలు ఎక్కి ఉండరు.

ఐదుంబావు దాటాక లిఫ్టు కదిలింది. కోతి టోపీలు పెట్టుకున్న కుటుంబాలు సూట్‌కేసులతో దిగడం మొదలైంది. ఉదయం ఏడు కాకముందే బయలుదేరే కిరండూల్ రైలు కోసం, అరకు వెళ్ళడానికి. కౌంటర్ మీద తాళాలు ఒక్కొక్కటే పడుతున్నాయి. గుమస్తా ఆ తాళాల వంక చూశాడు, మెట్ల మీది పిల్లల వంక చూశాడు.

"ఊడ్చేవాళ్ళు ఎనిమిదింటికి గానీ రారండి. దుప్పట్లు మార్చకుండా ఇస్తే పర్వాలేదా?"

స్నానాల గది ఉంటే చాలన్నాను. రెండు తాళాలు ఇచ్చాడు, అల్మారా తీసి ఉతికిన తువ్వాళ్ళు తనే తెచ్చిపెట్టాడు. అదనంగా ఏమీ తీసుకోలేదు. కోచ్ గారు కింద స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరికీ ఎనిమిది నిమిషాలు. జడలు మాత్రం మైదానానికి వెళ్ళే ఆటోలో వేశాను.

మొదటి మ్యాచ్ ఓడిపోయాం. గది వల్లే ఓడామని అనను. అవతలి జట్టులో ఇద్దరు పొడుగు పిల్లలు వల దగ్గర గోడల్లా నిలబడ్డారు, మా వాళ్ళు కొట్టిన బంతులు మా వైపే పడ్డాయి.

తిరిగొచ్చాక యాప్‌కు ఫిర్యాదు రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: ముందస్తు ప్రవేశం గదుల లభ్యతను బట్టి ఉంటుందట, ఆ మాట పేజీ అడుగున రాసే ఉందట. నిజమే, ఉంది. చీమ తలకాయంత అక్షరాలలో. ఓదార్పుగా వంద రూపాయల కూపన్ పంపారు.

అప్పుడు పాత ప్రయాణాలన్నీ తీసి చూశాను. అంతకుముందు పదిసార్లలో ఏడుసార్లు మేం పగలే చేరాం. తెల్లవారి చేరిన మూడుసార్లూ వానకాలమో, పరీక్షల ముందో. హోటళ్ళు సగం ఖాళీ. నేను గడి పని చేసిందనుకున్నాను. పని చేసింది ఖాళీ గదులు.

యాప్ మాత్రం మానలేదు. లింకులు వదులుకుని మళ్ళీ పన్నెండు ఇళ్ళకు ఫోన్లు చేసే ఓపిక లేదు. రాత్రి రైలైతే మాత్రం ఇప్పుడు రెండు గదులు ముందు రోజు రాత్రి నుంచే తీసుకుంటున్నాను. మేం దిగే హోటళ్ళలో గది 1,400 రూపాయలు. రెండు గదులకు పన్నుతో కలిపి 2,940 అవుతుంది, పధ్నాలుగు మందికి పంచితే తలా 210. గది అద్దె మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి, మిగిలిన నాలుగు గదుల మీద తగ్గింది కొంత ఇందులోకే పోతోంది. ముందు రోజు సాయంత్రం హోటల్‌కు నేనే ఫోన్ చేసి, వచ్చేది రాత్రి కాదు తెల్లవారుజామున అని, ఆ రెండు గదులు వేరేవాళ్ళకు ఇవ్వవద్దని చెబుతాను. గదుల జాబితా కాగితం మీద రాసి తీసుకెళ్ళి చేతికిస్తాను.

మీది మగపిల్లల జట్టయితే, స్టేషన్ విశ్రాంతి గదిలో మొహాలు కడిగించి నేరుగా మైదానానికి తీసుకెళ్ళగలిగితే, నా గోల మీకు అతిగా అనిపించవచ్చు. పగటి బస్సులలో తిరిగేవాళ్ళకైతే ఈ యాప్‌కు వంక పెట్టడానికేమీ ఉండదు. ఐదింటికి దిగే జట్లకు ఆ టిక్కును నమ్మమని మాత్రం ఇక చెప్పలేను. ఇదివరకు నేను చెప్పిన ముగ్గురు కోచ్‌లకూ ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఒకాయన నవ్వి, పోయిన ఏడాదే తెలిసిందమ్మా అన్నారు.

వచ్చే నెల విజయవాడలో టోర్నమెంటు. పగటి రైలు, నాలుగు గంటల ప్రయాణం, మధ్యాహ్నం ఒంటిగంటకు చేరతాం. గదులు తీసుకుంటూ అలవాటుగా ఆ గడి నొక్కాను. ఆకుపచ్చ టిక్కు పడింది, హోటల్‌కు తెలియజేశామన్నారు.