ముల్లు బీపీ మిషను: ఏడేళ్లు వాడాక

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో డి.ఫార్మసీలో చేరిన వారానికే 900 రూపాయలు పెట్టి ముల్లు తిరిగే బీపీ మిషను కొన్నాను. ఏడేళ్లయింది. ఇప్పుడు బల్లార్షాలో మందుల షాపులో పనిచేస్తూ, సాయంత్రాలు మా బస్తీ పిల్లలకు ఫిజియాలజీ (ఒళ్లు పనిచేసే తీరు), ఫార్మకాలజీ (మందులు పనిచేసే తీరు) చెప్తున్నాను. పుస్తకం ఇంగ్లీషులో, క్లాసు మరాఠీలో, ఇంట్లో మాట తెలుగులో. ఈ మూడింటి మధ్య నలిగే పిల్లలకు పాఠం అర్థమయ్యేలా చేసింది ఎక్కువగా ఈ మిషనే.

బీపీ అంటే గుండె నిమిషానికి పంపే రక్తం, నాళాలు దానికి పెట్టే అడ్డు, ఈ రెండింటి లబ్ధం. మొదటి ఏడాది దీన్ని బట్టీ పట్టాను. పట్టీ బిగించి గాలి కొట్టి, చెవుల్లో స్టెతస్కోపుతో మెల్లగా వదులుతుంటే టక్ అని మొదటి చప్పుడు వినబడిన రోజు అర్థమైంది. నొక్కుకుపోయిన ధమనిలోంచి రక్తం మొదటిసారి తోసుకొచ్చిన చప్పుడు అది, పై బీపీ. చప్పుడు పూర్తిగా ఆగిన చోట కింది బీపీ. రష్యన్ సర్జన్ నికొలాయ్ కొరొట్కోవ్ 1905లో చెప్పిన పద్ధతి ఇది. డిజిటల్ మిషను ఈ చప్పుడు వినదు. పట్టీలో గాలి అదురును పట్టుకుని, కంపెనీ పెట్టిన లెక్కతో అంకె చూపిస్తుంది. ఇంట్లో చూసుకోవడానికి అదే మేలు. చదువుకునేవాళ్లకు మాత్రం చెవితో వినడమే కావాలి.

చెవిని నమ్మి ఒకసారి పెద్ద పొరపాటు చేశాను. పక్కింటి అవ్వకు 160 దాకా గాలి కొట్టి వదిలితే 150 దగ్గర చప్పుడు మొదలైంది. "మరీ ఎక్కువేం లేదవ్వా" అన్నాను. మర్నాడు డాక్టరు చూస్తే 190. కొందరు పెద్దవాళ్లలో చప్పుడు పైన మొదలై, మధ్యలో కొంతసేపు వినబడకుండా పోయి, కింద మళ్లీ వస్తుంది. నేను ఆ ఖాళీలో మొదలుపెట్టాను. అప్పటి నుంచి మణికట్టు నాడి మీద వేలుంచి, నాడి అందకుండా పోయాక ఇంకో 30 పెంచి, సెకనుకు 2, 3 మిల్లీమీటర్ల (ముల్లు చూపే అంకెల) చొప్పున వదులుతాను. పిల్లలతో ఒక వారం నాడి పట్టించాకే స్టెతస్కోపు ఇస్తాను.

ఫార్మకాలజీలో అయితే ఈ మిషను విలువ మా బాపు దగ్గర తెలిసింది. బొగ్గు గనిలో చేసి రిటైరయ్యాడు. డాక్టరు ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు రాశాడు. కొన్ని వారాల్లో పై బీపీ 160 నుంచి 134కు దిగింది, నాడి మాత్రం 78 దగ్గరే ఉంది. కానీ సాయంత్రానికి చీలమండలు ఉబ్బేవి. బొటనవేలితో నొక్కి తీస్తే గుంట కాసేపు అలాగే ఉండేది. పుస్తకంలో దీనికి ఎడిమా అని ఒక్క మాట. ఆ మందు చిన్న ధమనులను వదులు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. రక్తం వచ్చే దారి వెడల్పై, పోయే దారి అలాగే ఉండేసరికి కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి నీటి బిళ్లతో (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందుతో) పెద్దగా తగ్గదు. డాక్టరు ఆమ్లోడిపిన్ తగ్గించి టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మందు చేర్చాడు. అది సిరలనూ కొంత వదులు చేస్తుంది, వాపు తగ్గింది.

మా మేనమామ వాడే బీపీ మందు మెటోప్రొలాల్. ఆయన నాడి 58. మేడ మెట్లెక్కి వచ్చినా 90 దాటదు, నాది 120 అవుతుంది. బాపు మందు నాళాల మీద, మామ మందు గుండె మీద పనిచేస్తున్నాయి. ఇద్దరి చేతులూ చూశాక ఆ లబ్ధం గురించి పిల్లలకు మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. ప్రయోగానికని మందు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. డాక్టరు రాసినవి వాడుతున్నవాళ్లనే, వాళ్లు ఒప్పుకుంటేనే చూడాలి.

మిషను లోపాల్లో మొదటిది రబ్బరు. మా దగ్గర మే నెలలో ఎండ 45 దాటుతుంది. గాలి కొట్టే బల్బు పగుళ్లిచ్చి మూడుసార్లు, గొట్టం ఒకసారి మార్చాను. (అదే ఎండకు చర్మం కింది నాళాలు వెడల్పై, చెమటతో నీరూ ఉప్పూ పోయి మనుషుల బీపీ కూడా దిగుతుంది. నీటి బిళ్ల వేసుకునేవాళ్లు లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయంటారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడండి. పై బీపీ 20 పడిందంటే డాక్టరుకు చెప్పాల్సిందే.)

రెండో లోపం పైకి కనబడదు. ముల్లు సున్నా మీద ఉన్నంత మాత్రాన మిషను సరిగ్గా చూపిస్తోందని కాదు. మూడో ఏడు T ఆకారపు గొట్టంతో కాలేజీ పాదరసం మిషనుకు కలిపి చూస్తే, అక్కడ 150 ఉన్నప్పుడు నాది 142 చూపించింది. బాగు చేయించి, అప్పటి నుంచి ఆరు నెలలకోసారి అలాగే పోల్చి చూస్తున్నాను. మిషనుతో వచ్చిన పట్టీ లావు చేతులకు చాలదు, చాలని పట్టీతో బీపీ ఎక్కువ చూపిస్తుంది. పెద్దది విడిగా కొనాల్సి వచ్చింది.

కొనేటప్పుడు షాపులోనే పట్టీని ఏదైనా గట్టి డబ్బాకు చుట్టి 200 దాకా గాలి కొట్టి, గాలి వదిలే మర బిగించి ఒక నిమిషం చూడండి. ముల్లు నాలుగుకు మించి దిగితే ఇంకోటి తీయమనండి.