అకిహబరానా, నకానో బ్రాడ్‌వేనా: పాత గేములు కొనడానికి ఏది మేలు?

టోక్యోలో నకానో బ్రాడ్‌వే అనే షాపింగ్ భవనంలో కింద ఎస్కలేటర్ ఎక్కితే అది రెండో అంతస్తులో ఆగదు, తిన్నగా మూడో అంతస్తులో దించుతుంది. (జపాన్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌నే ఒకటో అంతస్తుగా లెక్కేస్తారు.) రెండో అంతస్తులో పని ఉంటే పైకి పోయి మెట్లు దిగి రావాలి, లేదా ముందే మెట్లు వెతుక్కోవాలి. మొదటిసారి వెళ్లినప్పుడు నేను పావుగంట అక్కడక్కడే తిరిగాను. అదే ఊళ్లో ఎలక్ట్రానిక్స్ షాపుల పేట అకిహబరాలో ఈ బాధ లేదు. స్టేషన్‌లో ఎలక్ట్రిక్ టౌన్ అన్న బోర్డు చూసుకుంటూ బయటికొస్తే చాలు, రేడియో కైకాన్ అనే షాపుల భవనం ఎదురుగానే ఉంటుంది.

టోక్యో వెళ్లే వీడియో గేమ్ పిచ్చివాళ్లు ఈ రెండింట్లో దేనికి ఎక్కువ టైమ్ ఇవ్వాలని అడుగుతుంటారు. చూడటానికైతే అకిహబరా, కొనడానికైతే నకానో. నా లెక్క ఇదే. కాకపోతే కొనేది కొత్త సరుకా, పాత సరుకా అన్నదాన్ని బట్టి ఇది కొంచెం మారుతుంది.

అకిహబరా పేరు రేడియోలతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడ రేడియో విడిభాగాలు అమ్మేవాళ్లు చేరారు. తర్వాత టీవీలు, ఫ్రిజ్‌లు, ఆపైన కంప్యూటర్లు, వాటి వెనకే గేములూ యానిమే (జపాన్ కార్టూన్ సినిమాల) బొమ్మలూ వచ్చాయి. రైలు పట్టాల కింద రేడియో సెంటర్‌లో ఇద్దరు పక్కపక్కన నడవలేని సందుల్లో స్విచ్‌లు, కెపాసిటర్లు, వైర్లు అమ్మే కొట్లు ఇప్పటికీ ఉన్నాయి. గేములతో సంబంధం లేకపోయినా ఓసారి తొంగి చూడండి. నాకు ఆ పేట మొత్తంలో బాగా నచ్చింది అదే.

కొత్త కన్సోల్, కొత్త గేమ్ కావాలంటే మాత్రం ఆలోచించక్కర్లేదు. స్టేషన్‌కి అవతలి వైపు 2005లో తెరిచిన యొదొబాషి కెమెరా అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపు ఉంది, అందులోకి వెళ్లిపోండి. బొమ్మలు, కార్డులు, మోడల్ కిట్లు అయితే 2014లో కొత్తగా కట్టిన పదంతస్తుల రేడియో కైకాన్. ఆదివారం మధ్యాహ్నం ఒంటి గంట నుంచి చూవో దోరి అనే పెద్ద రోడ్డు మీద కార్లు ఆపేస్తారు. ఎండాకాలం ఆరింటి దాకా, చలికాలం ఐదింటి దాకా జనం రోడ్డు మధ్యలో నడుస్తారు. 2008లో ఆ రోడ్డు మీద జరిగిన దాడి తర్వాత ఇది ఆగిపోయి, 2011లో మళ్లీ మొదలైంది. ఫొటోలకైతే అదే సరైన టైమ్. ఆ జనంలో తీరిగ్గా షాపింగ్ చేయడం మాత్రం కుదిరే పని కాదు.

పాత గేముల దగ్గరికొస్తేనే అకిహబరా మీద నాకు అసంతృప్తి. సూపర్ పొటాటో అనే షాపు అందరికీ తెలుసు. ఇరుకు బిల్డింగ్‌లో పై అంతస్తుల్లో ఉంటుంది, అన్నిటికన్నా పైన నాణెం వేసి ఆడే పాత ఆర్కేడ్ మెషీన్లు కూడా ఉన్నాయి. చూసి తీరాల్సిందే. కానీ ప్రపంచమంతా వచ్చిపోయే చోట ధరలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. నేను అక్కడ ధరలు చూసుకుని, కొనడం ఇంకోచోట కొంటాను.

ఆ ఇంకోచోటు ఎక్కువగా నకానోనే. అకిహబరాలో పసుపు గీత ఉన్న సోబు లైన్ రైలెక్కితే మారే పని లేదు. స్టేషన్ ఉత్తరం వైపు దిగి, పైకప్పు వేసిన సన్ మాల్ బజారు వీధిలో చివరిదాకా నడిస్తే బ్రాడ్‌వే లోపలికే వెళ్తారు. 1966లో కట్టిన భవనం, పైన ఫ్లాట్లలో జనం కాపురాలుంటారు. 1980లో మసుజో ఫురుకవా అనే మాంగా (జపాన్ కామిక్స్) చిత్రకారుడు ఇక్కడ పాత మాంగా పుస్తకాల చిన్న కొట్టు పెట్టాడు. అదే మందరకే. ఇప్పుడు ఆ సంస్థవే ఈ భవనంలో బోలెడు కొట్లు. ఒకదాంట్లో రేకు బొమ్మలే, ఒకదాంట్లో యానిమే కోసం చేత్తో రంగులేసిన సెల్ షీట్లే (పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు), ఇంకోదాంట్లో గేములే. మధ్యమధ్యలో చేతి గడియారాల షాపులు, నేలమాళిగలో చేపలూ కూరగాయలూ, ఎనిమిది రుచులు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఐస్‌క్రీమ్. పొద్దున్నే వెళ్తే సగం షట్టర్లు మూసే ఉంటాయి. పన్నెండు దాటాక వెళ్లండి.

మా తమ్ముడు ఫామికామ్ (నింటెండో పాత గేమ్ మెషీన్) క్యాసెట్ ఒకటి తెమ్మన్నాడు. "అన్నయ్యా, డబ్బా లేకపోయినా పర్లేదు, ఆడితే చాలు" అన్నాడు. ఓ కొట్టులో బుట్ట నిండా విడి క్యాసెట్లు పోసి ఉంటే కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఒకదాని వెనక నల్ల మార్కర్‌తో ఎవరో పిల్లాడి పేరు, వంకర అక్షరాలతో. అలా పేరు రాసి ఉంటే ధర తగ్గుతుంది. అద్దాల బీరువాలో దాచుకునేవాళ్లకు అది మచ్చ, ఆడుకునేవాళ్లకు లాభం. నేను అదే తీసుకున్నాను.

కొనేముందు ఒకటి రెండు చూసుకోండి. జపాన్ ఫామికామ్ క్యాసెట్‌కి 60 పిన్నులు, అదే మెషీన్‌కి బయటి దేశాల్లో అమ్మిన రూపం ఎన్‌ఈఎస్ క్యాసెట్‌కి 72, అందుకని ఒకదాంట్లో ఒకటి పట్టదు. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో మెషీన్లలో గేమ్ బాయ్ క్యాసెట్లు ఏ దేశపు మెషీన్‌లోనైనా ఆడతాయి, తర్వాత వచ్చిన 3డీఎస్‌వి ఆడవు. పాత అడాప్టర్ 100 వోల్టులది, 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పొగే. 'జంక్' అని రాసిన బుట్టలోది కొంటే పనిచేయకపోయినా వెనక్కి తీసుకోరు. పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. టాక్స్ ఫ్రీ బోర్డున్న షాపులో ఒకే రోజు 5,000 యెన్‌లు లేదా అంతకన్నా ఎక్కువ కొంటే 10 శాతం పన్ను కలిసొస్తుంది. 2026 నవంబర్ 1 నుంచి మాత్రం పన్ను కట్టి కొని, దేశం వదిలేటప్పుడు వెనక్కి తీసుకునే పద్ధతి.

టోక్యోలోనే ఇంకో పేట ఇకెబుకురో సంగతి ఒక్క మాటలో: గేముల కోసమైతే వద్దు. యానిమే సరుకులు, అందులోనూ అమ్మాయిలు ఎక్కువగా కొనేవి కావాలంటే అక్కడి ఒటోమే రోడ్, 2023లో పెంచి మళ్లీ తెరిచిన అనిమేట్ షాపు రెండూ అకిహబరా కన్నా నయం.

ఒసాకాలోనే ఉండేవాళ్లు ఇందుకోసం టోక్యో దాకా పోనక్కర్లేదు. నిప్పోన్‌బాషిలోని డెన్‌డెన్ టౌన్‌ది కూడా కరెంటు సామాన్ల నుంచి గేములకు మారిన కథే. పక్కవీధి ఓటారోడ్‌లో బొమ్మలూ కార్డులూ దొరుకుతాయి, ఇక్కడా ఒక సూపర్ పొటాటో ఉంది. అకిహబరాలో సగం కూడా ఉండదు, కానీ తీరిగ్గా చూడొచ్చు. వెంట ఈ పిచ్చి లేనివాళ్లుంటే దగ్గర్లోని కురోమోన్ మార్కెట్‌లో తినడానికి వదిలేయొచ్చు. ఇది చిన్న లాభం కాదు, అనుభవంతో చెప్తున్నాను.

టోక్యోలో ఒక్క రోజే ఉంటే, అది ఆదివారమైతే, నేను పన్నెండింటికి నకానోలో మొదలుపెట్టి, మూడింటికల్లా సోబు లైన్ ఎక్కి, కార్లు లేని రోడ్డు మీదికి చేరుకుంటాను. అప్పటికే కొనాల్సినవి కొనేసి ఉంటాం కాబట్టి అకిహబరాలో జేబు గురించి దిగులు లేకుండా తిరగొచ్చు. నాణెం వేసి కొక్కెంతో బొమ్మను పట్టుకునే క్రేన్ గేముల జోలికి మాత్రం వెళ్లకండి, వంద యెన్ నాణేలు నీళ్లలా పోతాయి.

తమ్ముడి క్యాసెట్ బాగానే ఆడుతోంది. లోపలి బ్యాటరీ అయిపోయినట్టుంది, సేవ్ అవ్వదు. అందుకే వాడు ఆట మధ్యలో ఆపేస్తే మొదటికొస్తుందని రాత్రి నిద్రపోయేటప్పుడు కూడా స్విచ్ ఆపడం లేదు.