డిక్కీలో పట్టే పడవ: కృష్ణ ఒడ్డున రెండు రాత్రులకు సరిపోతుందా?

పెట్టె మీద బొమ్మలో ఇద్దరుంటారు. ఇద్దరూ నవ్వుతుంటారు. పడవలో సామాను మాత్రం ఒక్కటీ ఉండదు. గాలి కొట్టుకునే రెండు సీట్ల కయాక్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఆ ఖాళీనే. రెండు గంటలు నీళ్ల మీద తిరిగి రావడానికి ఇది ఇద్దరి పడవే. గుడారం, తాగునీళ్లు, వంట సామాను వేసుకుని రెండు రాత్రులు నది ఒడ్డున గడపాలంటే ఒక్కరి పడవ. ఈ లెక్క ఒప్పుకుని కొంటే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. ఒప్పుకోకపోతే మొదటి ఎదురుగాలికే ఇద్దరి మధ్య మాటలు ఆగిపోతాయి.

హైదరాబాద్‌లో పెద్ద స్పోర్ట్స్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ పాతిక వేల లోపు దొరికే వినైల్ (పీవీసీ ప్లాస్టిక్) కయాక్‌ల గురించే ఈ సమీక్ష. ఏదో ఒక్క బ్రాండ్ గురించి కాదు, ఎందుకంటే ఈ ధరలో వచ్చేవన్నీ దాదాపు ఒకే అచ్చు. పది అడుగుల పైచిలుకు పొడవు, మూడడుగుల వెడల్పు, 180 కిలోల మోత, పక్కల రెండు గాలి గదులు, అడుగున ఒకటి, స్కెగ్ అనే చిన్న ప్లాస్టిక్ రెక్క, రెండు అల్యూమినియం తెడ్లు, ఒక చేతి పంపు. మడిస్తే చిన్న కారు డిక్కీలో పడుతుంది. గట్టి ఫైబర్‌తో చేసిన, మడవలేని కనూ పడవ ఇంతకంటే బాగా నడుస్తుంది, అందులో వాదన లేదు. కానీ మూడో అంతస్తు ఫ్లాట్‌లో పదహారడుగుల పడవను ఎక్కడ పెడతారు?

ముందు బరువు సంగతి. 180 కిలోలంటే ఆ బరువుకు పడవ మునగదని అర్థం, ఆ బరువుతో చక్కగా నడుస్తుందని కాదు. మూడు వంతులు దాటితే పక్క గొట్టాలు నీళ్లలోకి దిగిపోతాయి, చిన్న అలకే లోపల నీళ్లు చేరతాయి, తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు ఊగుతుంది. అంటే వాడుకోదగిన మోత 135 కిలోలు. డెబ్బయ్యేసి కిలోల మనుషులిద్దరు ఎక్కితేనే 140. ఇక సామాను ఎక్కడ?

ఒక్కరైతే ఇలా వస్తుంది. మనిషి 70. నీళ్లు రోజుకు ఐదు లీటర్ల చొప్పున మూడు రోజులకు 15. గుడారం రెండున్నర, పరుపు దుప్పటి కలిపి 2, బట్టలు 3, వంట సామాను 3, తిండి 3, పంపూ అతుకుల సామానూ రెండున్నర, తాళ్లు టార్చీ వగైరా 2. మొత్తం 103 కిలోలు. హాయిగా పోతుంది. వెనక సీటు తీసేసి, ముందు సీటును నడుమకు జరుపుకోవాలి. చాలామంది సీటును ముందే ఉంచి సామానంతా వెనక పడేస్తారు. అప్పుడు తోక దిగబడి ముక్కు పైకి లేస్తుంది, గాలి ఎటు తోస్తే పడవ అటు తిరుగుతుంది. నీళ్ల క్యాన్లు కాళ్ల దగ్గర రెండు, వీపు వెనక ఒకటి ఉండాలి. ఇరవై లీటర్ల బబుల్ ఒక్కటి కాకుండా ఐదు లీటర్ల క్యాన్లు మూడు కొనమనేది అందుకే. బేగంబజార్‌లో మూత గట్టిగా ఉన్నవి చూసి తీసుకుని, ఇంట్లోనే ఒక రాత్రి తలకిందులుగా పెట్టి చూడండి.

గాలి కొట్టడం తేలికే, తప్పులన్నీ కూడా అక్కడే. కారు టైరుకు గాలి కొట్టే కంప్రెసర్ దీనికి పనికిరాదు. టైరుకు కావాల్సింది కొద్ది గాలి, ఎక్కువ ఒత్తిడి. పడవకు కావాల్సింది బోలెడు గాలి, అతి తక్కువ ఒత్తిడి. టైరులో 30 పీఎస్ఐ ఉంటే ఇందులో ఒక పీఎస్ఐ చుట్టుపక్కలే ఉంటుంది, టైరు గేజీలో ఆ ముల్లు కదలను కూడా కదలదు. కొన్ని మోడళ్లలో వినైల్ మీద చిన్న స్కేలు అచ్చువేసి ఉంటుంది. గాలి నిండేకొద్దీ అది సాగుతుంది, మాన్యువల్‌లో చెప్పిన పొడవుకు రాగానే ఆపేయాలి. లాగినా తోసినా గాలి పంపే చేతి పంపుతో పది పన్నెండు నిమిషాల పని. దాని గొట్టం మూతి విరిగితే ట్రిప్పు అక్కడితో ఆగినట్టే, కాబట్టి కాలితో తొక్కే చిన్న పంపు ఒకటి అదనంగా ఉంచుకోండి. స్కెగ్‌ను సగం గాలి ఉండగానే గాడిలోకి ఎక్కించాలి. పూర్తిగా నిండాక గాడి బిగుసుకుపోతుంది, బలవంతం చేస్తే అంచు చిరుగుతుంది. ఎక్కించాక సన్నని నైలాన్ తాడుతో కట్టేయండి. అది ఊడి నీళ్లలో పడితే పడవ తెడ్డుకో వైపు తిరుగుతూ పాములా పోతుంది.

ఎండ సంగతి మాన్యువల్‌లో ఒక వాక్యంలో తేల్చేస్తారు, నిజానికి అది ఒక పేజీ రాయదగ్గ విషయం. పొద్దున 20 డిగ్రీల చలిలో ఒక పీఎస్ఐ నింపారనుకుందాం. మధ్యాహ్నం ఒడ్డున ఇసుక మీద వదిలేస్తే లోపలి గాలి 50 డిగ్రీలకు చేరగలదు. లోపలి మొత్తం ఒత్తిడి, అంటే గేజీ చూపే ఒకటికి వాతావరణపు ఒత్తిడి దాదాపు పదిహేను కలిపి, పది శాతం పెరుగుతుంది. వినైల్ సాగకపోతే గేజీ లెక్కన ఒకటి కాస్తా రెండున్నర అవుతుంది. వినైల్ సాగుతుంది కాబట్టి అంత పూర్తిగా రాదు కానీ, ఆ సాగడమే అతుకులను పాడుచేస్తుంది. నీళ్లలో ఉన్నంతసేపూ నీరు చల్లబరుస్తుంది, ప్రమాదమంతా ఒడ్డుకు లాగాకే. దిగగానే మూడు గదుల్లోంచీ కొంచెం కొంచెం గాలి వదలండి, లేదా నీడకు లాగండి. పొద్దున్నే మెత్తబడి కనిపిస్తే పంక్చరని కంగారు పడొద్దు, అది చలికి కుంచించుకున్న గాలి. నీళ్లలో దింపి పది నిమిషాలు ఆగి, అప్పుడు మళ్లీ కొట్టుకోవాలి.

పెట్టెలో వచ్చే తెడ్లు ఈ ప్యాకేజీలో బలహీనమైన భాగం. 91 సెంటీమీటర్ల వెడల్పున్న పడవకు 218 సెంటీమీటర్ల తెడ్డు పొట్టి. గొట్టానికి చేతులు రాసుకుంటాయి, మోకాళ్ల మీద నీళ్లు కారుతూనే ఉంటాయి. 240 సెంటీమీటర్ల రెండు ముక్కల తెడ్డు విడిగా కొనుక్కోవడమే మేలు, పెట్టెలోది అదనపు తెడ్డుగా కట్టిపెట్టుకోండి. లైఫ్ జాకెట్ కూడా విడిగా కొనాల్సిందే. ఒంటి బరువుకు సరిపడే ఫోమ్ జాకెట్, తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది తీసుకోవాలి. ఆ పట్టీ లేకపోతే నీళ్లలో పడగానే జాకెట్ చెవుల దాకా లేస్తుంది.

ఇప్పుడు నది. ఈ పడవతో గోదావరి వద్దు. పాపికొండల అందం చూసే చాలామందికి ఈ ఆలోచన పుడుతుంది కానీ, అక్కడ నది కొండల మధ్య ఇరుకై, లోతై, సుడులు తిరుగుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకులతో వెళ్తున్న పెద్ద మర పడవే మునిగింది. పైగా అది జాతీయ ఉద్యానం, ఇష్టమొచ్చిన చోట గుడారం వేసే వీల్లేదు. చూడాలనిపిస్తే అనుమతి ఉన్న లాంచీలో వెళ్లి చూడాలి.

ఈ కయాక్‌కు తగిన చోటు కొల్లాపూర్ దగ్గర సోమశిల, శ్రీశైలం జలాశయపు వెనక నీళ్లు. హైదరాబాద్ నుంచి కారులో నాలుగు గంటల దారి. సోమశిల నుంచి దిగువకు పోతే నల్లమల, పులుల అభయారణ్యం మొదలవుతాయి. అటు మకాం చట్టరీత్యా నేరం, కాబట్టి ఎగువకు, జటప్రోలు వైపు వెళ్లాలి. నదికి ఎదురు పోవడమేంటని అనిపించొచ్చు. వానలు వెళ్లాక ఈ నిలవ నీళ్లలో ప్రవాహాన్ని లెక్కపెట్టక్కర్లేదు, లెక్కంతా గాలిదే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. సోమశిలలో పడవ దింపి పడమరకు పోతే అది వీపున తోస్తుంది. కారును జటప్రోలు వైపు రప్పించుకుంటే తిరుగు ప్రయాణంలో ఎదురీత తప్పుతుంది. ఈ రెండు ఊళ్లలోనూ ముంపు నుంచి తెచ్చి తిరిగి కట్టిన పాత గుళ్లున్నాయి, బయల్దేరే ముందూ దిగాకా తీరిగ్గా చూడొచ్చు.

సామానుతో ఈ పడవ గంటకు మూడు నాలుగు కిలోమీటర్లే పోతుంది. ఎదురుగాలి పుంజుకుంటే అందులో సగం. పొద్దున ఆరున్నరకు దిగి పదకొండుకల్లా ఒడ్డెక్కేలా, రోజుకు ఎనిమిది పది కిలోమీటర్లకు మించకుండా వేసుకోండి. మధ్యాహ్నపు గాలికి వెడల్పాటి నీళ్ల మీద తెల్లటి నురగ కనిపించిందంటే ఈ పడవ ఒడ్డున ఉండాల్సిన సమయం అది. ఎప్పుడూ ఒడ్డుకు వంద మీటర్ల లోపే పోవాలి. పర్యాటక లాంచీ దాటిపోతే దాని అలకు ముక్కు ఎదురుగా తిప్పండి, పక్క ఇవ్వొద్దు. చేపల వలలకు ప్లాస్టిక్ సీసాలు, థర్మకోల్ ముక్కలు కట్టి ఉంటాయి, వాటి నడుమ నుంచి పోతే స్కెగ్ వలలో చిక్కుతుంది. వల చిరిగితే జాలరి ఒక రోజు కూలి పోయినట్టే. పొద్దున్నే పుట్టి వేసుకుని తిరిగే వాళ్లను పలకరించి, అన్నా, వలలు ఎటున్నాయి అని అడిగితే చెప్తారు. మొసలి ఏ మడుగులో ఉంటుందో, ఏ ఒడ్డున బురద తక్కువో కూడా వాళ్లకే తెలుసు.

బురద సంగతి తేలిగ్గా తీసుకోకండి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. ఒక్క అడుగు తగ్గినా చదును ఒడ్డుల్లో నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి, మధ్యలో మోకాలి లోతు ఒండ్రు మిగులుతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో నీళ్లు గట్టి నేల దాకా ఉంటాయి. ఫిబ్రవరి దాటితే పడవను బురదలో ఈడ్చుకుంటూ పోవాలి. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే రోజులు గుడి చూడటానికి మంచివే కానీ, పడవ దించడానికి కాదు.

మకాం కోసం దిగే ముందు ఆ ఊరి పంచాయతీలోనూ పోలీస్ స్టేషన్‌లోనూ చెప్పి, ఎవరెవరు, ఎన్ని రాత్రులు, ఏ బండి నంబరో రాసిచ్చి రండి. కృష్ణలో మొసళ్లున్నాయి. గుడారం నీటి అంచుకు కనీసం ముప్పై మీటర్ల అవతల, రెండు నిలువుల ఎత్తున వేసుకోవాలి. గిన్నెలు కడగడం, స్నానం చీకటి పడ్డాక వద్దు. పడవను కూడా పైకి లాగి, చెట్టుకో రాయికో కట్టేయండి. గాలి నిండిన పదిహేను కిలోల పడవ రాత్రి ఈదురుగాలికి ఎగిరిపోతుంది.

ఒడ్డున అసలు శత్రువు మొసలి కాదు, సర్కారు తుమ్మ. ఎండిన ముల్లు ఈ వినైల్‌ను సూదిలా దిగబొడుస్తుంది. లాగే దారిలో ముందు రాణిగంజ్‌లో దొరికే మందపాటి టార్పాలిన్ ముక్క పరవండి, అదే రాత్రి గుడారం కిందికి పనికొస్తుంది. పెట్టెలో ఇచ్చే అతుకు గుండుసూది రంధ్రాలకు సరిపోతుంది, అంతకు మించి కాదు. పీవీసీకి పనిచేసే జిగురూ, అదే రకం గుడ్డ ముక్కా తీసుకెళ్లాలి. సైకిల్ ట్యూబు అతుకు వినైల్‌కు పట్టదు, ఎండకు లేచిపోతుంది. సబ్బు నురగ రాస్తే బుడగ ఎక్కడ లేస్తుందో తెలుస్తుంది, ముందు వాల్వు మూత దగ్గరే చూడండి, చాలా ఫిర్యాదులకు కారణం అక్కడ చేరిన ఇసుక రేణువే. రంధ్రం దొరికితే గాలి పూర్తిగా తీసి, స్పిరిట్‌తో తుడిచి, చుట్టూ రెండంగుళాలు వచ్చేలా గుండ్రంగా కోసిన ముక్క అతికించి, రాత్రంతా బరువు పెట్టి ఉంచాలి. మూలలున్న ముక్క మూల దగ్గరే లేస్తుంది.

సామాను తడవకుండా ఖరీదైన డ్రై బ్యాగులే కావాలని లేదు. ఫోను, మందులు, పరుపు వరకు మంచి డ్రై బ్యాగు వాడి మూతిని మూడు మడతలు వేయండి. బట్టలకు, తిండికి లోపల పాలిథిన్ కవరున్న ఎరువుల సంచి చాలు, బాగా కడిగి ఎండబెట్టింది అయితే. అన్నింటినీ పడవకే కట్టేయాలి. తిరగబడితే పడవ తేలుతుంది, కట్టని సామాను మాత్రం ఏ ఊరు చేరుతుందో చెప్పలేం. తిరగబడిన పడవలోకి నీళ్లలోంచి మళ్లీ ఎక్కడం నది మీద మొదటిసారి నేర్చుకునే పని కాదు. ఛాతీ లోతు నీళ్లలో, పక్కన మనిషి ఉండగా నాలుగైదుసార్లు సాధన చేసి వెళ్లండి.

కొన్నాక మొదటి రాత్రే హాల్లో నిండా గాలి కొట్టి పన్నెండు గంటలు వదిలేసి చూడండి, మార్చి ఇమ్మనే గడువు ఉన్నప్పుడే లోపం బయటపడాలి. తిరిగొచ్చాక మంచి నీళ్లతో కడిగి, అడుగు గొట్టాల మధ్య మడతల్లో గుడ్డ దూర్చి తుడిచి, నీడలో ఒక రోజంతా ఆరనివ్వాలి. తడిగా మడిస్తే నల్లటి బూజు పడుతుంది, ఆ వాసన మళ్లీ పోదు. ఆరాక వదులుగా చుట్టి ఇనుప ట్రంకు పెట్టెలో పెట్టండి. అటక మీద అట్టపెట్టెలో పెడితే వచ్చే కార్తీకానికి ఎలుకలు కొరికిన అంచులే మిగులుతాయి, ఆ చిరుగులకు ఏ అతుకూ నిలవదు.