యోసెమిటీ లోయలో నాలుగు రోజులు: వెలుగును నమ్ముకున్న యాత్ర

ప్రసిద్ధ అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ పార్కును తొలిసారి చూసింది 1916లో, పద్నాలుగేళ్ల వయసులో. చేతిలో అమ్మానాన్నలు కొనిచ్చిన కోడాక్ బ్రౌనీ పెట్టె కెమెరా. పియానో వాయిద్యకారుడు కావాలని సాధన చేస్తున్న ఆ పిల్లవాణ్ని ఈ కొండలు తమవైపు లాగేసుకున్నాయి. 1984లో కన్నుమూసేదాకా ఆయన ఏటా ఇక్కడికి వస్తూనే ఉన్నారు. ఒకే చోటికి అన్నిసార్లు ఎందుకు వెళ్లారో తెలుసుకోవాలని నాకు చాలాకాలంగా ఉన్న కోరిక. మే మొదటి వారంలో నేనూ మా ఆవిడా కాలిఫోర్నియా వెళ్లినప్పుడు అది తీరింది.

మే నెలే ఎందుకంటే, కొండల మీది మంచు కరిగి జలపాతాలు నిండుగా దూకేది అప్పుడే. 2,425 అడుగుల యోసెమిటీ జలపాతం వేసవి చివరికి తరచుగా ఎండిపోతుంది.

మొదటి రాత్రి బస విషయంలో పొరపాటు చేశాం. పార్కుకు పది నిమిషాల దూరమన్న ప్రకటన చూసి లోయ బయట ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, పరుపు మెత్తగా ఉంది. కానీ ఆ పది నిమిషాలు పార్కు సరిహద్దు వరకే. అక్కడి నుంచి లోయకు ఇంకో నలభై నిమిషాలు పట్టింది. మేం చేరేసరికి పచ్చిక మీది పొగమంచు విడిపోయి, ఎండ తెల్లగా కాస్తోంది. ఫొటో తీసేవాడికి అంతకన్నా నష్టం లేదు.

మర్నాడే లోపల కర్రీ విలేజ్‌లో కాన్వాస్ గుడారానికి మారాం. రాత్రి చలి గట్టిగానే ఉంటుంది, రెండు స్వెట్టర్లు వేసుకుని పడుకోవాలి. ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయి కాబట్టి తినుబండారాలే కాదు, సబ్బు, టూత్‌పేస్టు కూడా బయటి ఇనుప పెట్టెలో దాచాలి. అయినా నా ఓటు దీనికే. తెల్లవారకముందే లేచి నడిస్తే కాసేపట్లో పచ్చిక బయలు. మోకాలెత్తు పొగమంచు, ప్రతి గడ్డిపోచ కొసన ఒక నీటిబొట్టు. కటకం దగ్గరగా పెట్టి చూస్తే ఆ బొట్టులో కొండ తలకిందులుగా కనిపించింది! ఒక్క బొట్టు దగ్గరే అరగంట మోకాళ్ల మీద కూర్చున్నాను.

లోయలో తిరిగే ఉచిత బస్సు పగటిపూటకు చక్కని ఏర్పాటు. తెల్లవారుజామున మాత్రం అది ఉండదు, కాళ్లనో సొంత కారునో నమ్ముకోవాలి. 7,214 అడుగుల ఎత్తున, లోయను పైనుంచి చూసే గ్లేసియర్ పాయింట్‌కు వెళ్లే రోడ్డు మంచు వల్ల ఇంకా తెరవలేదు. బయలుదేరే ముందే కనుక్కుని ఉండాల్సింది.

ఆడమ్స్ పేరుతో నడుస్తున్న గ్యాలరీని తప్పక చూడండి. చిత్రకారుడు హ్యారీ బెస్ట్ 1902లో మొదలుపెట్టిన స్టూడియో అది. ఆయన కూతురు వర్జీనియానే ఆడమ్స్ 1928లో పెళ్లాడారు. అక్కడ హాఫ్ డోమ్ అనే రాతికొండ నలుపు తెలుపు ఫొటో ముందు చాలాసేపు నిలబడిపోయాను. 1927 ఏప్రిల్ 10న ఆడమ్స్ బరువైన కెమెరా, ఫిల్ము బదులు వాడే గాజు పలకలు మోసుకుంటూ మంచులో కొండెక్కి తీసిన ఫొటో అది. చివరికి రెండు పలకలే మిగిలాయి. మొదటిది పసుపు ఫిల్టర్‌తో తీశాక, తన మనసులోని ఆకాశం అందులోకి రాదని ఆయనకు అనిపించింది. ఆఖరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టర్ తగిలించారు. దాంతో ఆకాశం దాదాపు నల్లగా మారి, బండరాయి వెలిగిపోయింది.

లోయంతా ఒకేసారి కనిపించే టన్నెల్ వ్యూకు ఉదయం వెళ్లకండి, సూర్యుడు ఎదురుగా ఉంటాడు. సాయంత్రమైతే మన వెనక నుంచి వచ్చే వెలుగు కొండల మీద పడుతుంది. చివరిరోజు మేం వెళ్లేసరికి వాన, లోయంతా బూడిదరంగు. బస్సుల్లో వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మా ఆవిడ కెమెరాకు గొడుగు పట్టి నిలబడింది. నలభై నిమిషాల తర్వాత ఎడమవైపు ఎల్ కాపిటన్ కొండ మీది మబ్బు చిరిగింది. కుడివైపు బ్రైడల్‌వీల్ జలపాతం మీద ఒక్క చారెడు ఎండ పడింది. రెండు ఫొటోలు తీశానో లేదో మబ్బు మళ్లీ మూసుకుంది. "ఇంకాసేపు ఉందాం" అంది తను, గొడుగు దించకుండానే.