రీఫ్ ట్యాంకుకి పెద్ద పంపా, వేవ్‌మేకరా: ఏది మేలు?

భీమవరం వాళ్లకి నీళ్లు తిప్పడం గురించి ఒకరు చెప్పక్కర్లేదు. రాత్రిపూట ఏ రొయ్యల చెరువు గట్టు మీద నుంచున్నా ఏరేటర్ల చప్పుడే. మా హాల్లో పగడాలు (కోరల్స్) పెంచే మూడడుగుల ఉప్పునీటి తొట్టి, అదే రీఫ్ ట్యాంకు, చూసి బావ కూడా ఒక్కమాటలో తేల్చేశాడు: "పెద్ద పంపొకటి పడేయరా, అదే తిప్పుద్ది." పడేశాను.

డబ్బా మీద గంటకి 2,500 లీటర్లని ఉంది. ట్యాంకులో పట్టేది 190. అంటే గంటకి ట్యాంకు నీళ్లకి 13 రెట్లు. జోవాంథస్, మష్రూమ్ లాంటి మెత్తటి కోరల్స్‌కి సరిపోతుందనుకున్నాను. కానీ పంపుండేది సంపులో, అంటే ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టిలో. నాలుగున్నర అడుగులు పైకెక్కేసరికి దాని ఊపు తగ్గిపోతుంది. పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్లో టైమ్ చూస్తే, నిండటానికి 45 సెకన్లు పట్టింది. గంటకి 1,600 లీటర్లు. ఎనిమిది రెట్లు మాత్రమే! అదీ ఒకే మూల నుంచి, ఒకే ధార. తగిలినచోట ఇసుక లేచిపోయి అడుగు గాజు బయటపడింది. రాళ్ల వెనక మాత్రం చెత్త పేరుకుని ఎర్రటి జిగురు పట్టింది.

వేవ్‌మేకర్ అంటే ఫ్యాన్ లాంటి చిన్న పంపు. దానికి ఈ పైకెక్కే బాధ లేదు. ట్యాంకులోనే ఉండి నీటిని పక్కకి తోస్తుంది కాబట్టి తక్కువ కరెంటుతో ఎక్కువ నీళ్లు కదుపుతుంది. ధార కూడా వెడల్పు. మెత్తటి కోరల్స్‌కి 10 నుంచి 20 రెట్ల కదలిక చాలు. ఆక్రోపోరా లాంటి గట్టివాటికి 40 రెట్లు దాటినా ఎక్కువేం కాదు. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఆ జోలికి నేను పోను.

అలాగని సంపులోంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు తీసేయలేం. సంపులో నురగతో మురికి లాగే స్కిమ్మర్‌కి నీళ్లందాలి. దానికి నాలుగైదు రెట్లు చాలు. నా ఓటు చిన్న రిటర్న్ పంపుకి, దానితోపాటు రెండు చిన్న వేవ్‌మేకర్లకి. పెద్ద వేవ్‌మేకర్ ఒక్కటైతే చవకే, కానీ రాళ్ల వెనకకి అందదు. రెండింటినీ ఎదురెదురుగా, కాస్త గాజు వైపు తిప్పి పెట్టాను, ఏ కోరల్‌కీ సూటిగా తగలకుండా. నీళ్లు ఢీకొని చిందరవందరగా తిరగాలి. చిటికెడు మేత వేసి చూడండి, ఎక్కడ ఆగిందో అక్కడ ప్రవాహం లేనట్టే.

24 వోల్టుల డీసీవి కొంటే ఇంకో లాభం, మే నెలలో కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తాయి. నీటి పైభాగం కదులుతున్నంతసేపు చేపలకి ఆక్సిజన్ గురించి టెన్షన్ లేదు.

మొన్న బావ వచ్చి కాసేపు చూసి, "మేం బురదంతా చెరువు మధ్యకి చేరాలని ఏరేటర్లు పెడతాం, నువ్వేంట్రా ఎక్కడా చేరకుండా పెట్టావ్?" అన్నాడు. అప్పుడే టోడ్‌స్టూల్ అనే మెత్తటి కోరల్ మీద వారం రోజులుగా పట్టుకున్న, అది అప్పుడప్పుడూ వదిలే మైనం లాంటి పొర అంచు లేచి రెపరెపలాడుతోంది. మేం చూస్తుండగానే ఊడి, కొట్టుకుపోయి సంపులో పడింది.