ఆ ఫైర్ రిటార్డెంట్ బస్తాల మీద తెల్ల స్టిక్కర్ ఉంటే, దాని కింద ఏముందో చూడకుండా కోయకండి

ల్యాబ్ రిపోర్టు ఇప్పుడే చేతికొచ్చింది. ఏటీహెచ్ (మంట అంటుకోకుండా కలిపే తెల్ల పొడి) అని అమ్మిన బస్తాలో క్యాన్సర్ ముప్పున్న యాంటిమొనీ, దానితో పాటు బ్రోమిన్ బయటపడ్డాయి. అన్నీ వరసగా చెప్పే ఓపిక లేదు. ఆ హోల్‌సేల్ యాప్‌లో ఫైర్ రిటార్డెంట్ పౌడర్ కొనేవాళ్లందరికీ ఈ సెల్లర్ తెలిసే ఉంటాడు. పేరు పక్కన పచ్చ టిక్కు, కింద అన్నీ మెచ్చుకోలు రివ్యూలు, "ఏటీహెచ్ స్టాక్ రెడీ" అని వారం వారం మెసేజ్‌లు పెట్టే మనిషే. అతని దగ్గర ఈ మధ్య బస్తాలు తెప్పించుకుని ఉంటే ముందు వాటిని కదపకండి. మిగతాది తర్వాత చదవండి.

మాది చిన్న వర్క్‌షాప్. రెజిన్‌తో ఎలక్ట్రికల్ బాక్సుల మూతలు, ప్యానెళ్లు పోస్తాం. మంట అంటుకోకుండా అందులో ఏటీహెచ్, అంటే అల్యూమినియం ట్రైహైడ్రాక్సైడ్ కలుపుతాం. వేడి 200 డిగ్రీలు దాటితే అది తన బరువులో మూడో వంతుకు పైగా నీటి ఆవిరిగా వదిలి మంటను చల్లబరుస్తుంది. అదీ దుమ్మే, పీల్చకూడదు. కానీ దానితో ఎలా మసలుకోవాలో మాకు అలవాటే. ఈసారి ఎప్పుడూ ఇచ్చేవాళ్ల దగ్గర సరుకు లేదు, ఆర్డర్ గడువు దగ్గర పడింది. ఆ టెన్షన్‌లో ఇతని దగ్గర పది బస్తాలు తీసుకున్నాను. సేఫ్టీ డేటా షీట్ (పొడిలో ఏముందో, దానితో ఎలా జాగ్రత్త పడాలో రాసి ఉండే కాగితం) పంపమంటే "బస్తాలతో పాటే వస్తుంది సార్" అన్నాడు. బస్తాలు వచ్చాయి, షీట్ రాలేదు. అక్కడే ఆగాల్సింది. ఆగలేదు.

దింపేటప్పుడే తేడా తెలిసింది. 25 కిలోల ఏటీహెచ్ బస్తా ఎంత ఎత్తుంటుందో మా చేతులకు తెలుసు. ఇవి జానెడు పొట్టిగా ఉన్నాయి, బరువు మాత్రం అంతే. మా దగ్గర పనిచేసే కుర్రాడు "అన్నా, ఇవేంటి ఇంత చిన్నగా ఉన్నాయి?" అని అడిగాడు కూడా. గట్టిగా కూరి ఉంటార్లే అన్నాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తోంది. ఆ బస్తాల మీద తర్వాత బయటపడిన పేరు యాంటిమొనీ ట్రైఆక్సైడ్, దాని సాంద్రత ఏటీహెచ్‌కి రెట్టింపు పైనే. వాడి చేతులు పట్టుకున్న విషయాన్ని నేను నోటితో కొట్టిపారేశాను.

కుర్రాడు బస్తా మూతి కోసి డ్రమ్ములోకి వంచాడు. తెల్లటి మెత్తటి పొడి ఒక్కసారిగా పైకి లేచింది. ట్యూబ్‌లైట్ వెలుగులో ఎంతసేపు చూసినా ఆ దుమ్ము దిగలేదు. వాడి కనుబొమ్మలు, ముంజేతుల మీది వెంట్రుకలు తెల్లబడిపోయాయి. ముఖానికి ఉన్నది మామూలు గుడ్డ మాస్క్. తీసి చూస్తే లోపల, ముక్కు ఆనే చోట కూడా తెల్లటి మరక. సాయంత్రం నేలను పొడి చీపురుతో ఊడ్చాం, కంప్రెసర్ గాలితో ఒంటి మీది బట్టలు దులుపుకున్నాం. రెండూ చేయకూడనివే. కిందికి దిగినదాన్నంతా మళ్లీ గాల్లోకి లేపి మళ్లీ పీల్చాం. అవే బట్టలతో ఇంటికెళ్లాను. మా పాప ఎదురొచ్చి కాళ్లకు చుట్టుకుంది. ఆ బట్టలు ఇంట్లో అందరి బట్టలతో కలిసి వాషింగ్ మెషీన్‌లో పడ్డాయి. డబ్బు పోయినందుకు కాదు, దీని గురించే నాకు నిద్ర పట్టడం లేదు.

మర్నాడు ఖాళీ బస్తా మడుస్తుంటే, "ఏటీహెచ్" అని అంటించిన తెల్ల స్టిక్కర్ ఒక మూల లేచి కనిపించింది. గోటితో లాగాను. కింద ఇంకో ముద్ర ఉంది. సగం గీకేశారు గానీ ఎర్ర అంచున్న డైమండ్ గుర్తు మిగిలింది. అందులో మనిషి బొమ్మ, ఛాతీ మీద నక్షత్రంలా పగిలిన తెల్ల మచ్చ. క్యాన్సర్ ముప్పు, లోపలి అవయవాలకు దీర్ఘకాలంలో హాని లాంటివాటికి అంతర్జాతీయంగా వాడే గుర్తు అది. పక్కన 1309-64 దాకా అంకెలు చదవడానికి వస్తున్నాయి. సీఏఎస్ నంబర్లలో, అంటే ఒక్కో రసాయనానికి ఇచ్చే గుర్తింపు నంబర్లలో వెతికితే 1309-64-4 దొరికింది. యాంటిమొనీ ట్రైఆక్సైడ్.

మిగిలిన తొమ్మిది బస్తాల దగ్గరికీ వెళ్లి చూశాను. ఎక్కడా స్టిక్కర్ వంకరగానో, పక్కకో లేదు. ప్రతిదాని మీదా సరిగ్గా ఆ గుర్తు ఉన్న చోటే అంటించారు.

వెంటనే ఫోన్ చేశాను. మొదట "పాత బస్తాల్లో నింపి ఉంటారు సార్, లోపల ఉన్నది ఏటీహెచ్చే" అన్నాడు. అలాగైతే ఈ బ్యాచ్ సేఫ్టీ డేటా షీట్, టెస్ట్ సర్టిఫికెట్ ఇప్పుడే పంపండి అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత గొంతే మారిపోయింది. అప్పటిదాకా సార్ సార్ అన్న మనిషి, "నీకు పౌడర్ కావాలా, కాగితం కావాలా?" అన్నాడు. మా కుర్రాడు నిన్నంతా ఆ పొడిలోనే ఉన్నాడండీ, రాత్రి నుంచి దగ్గుతున్నాడు, అందులో ఏముందో చెప్తే డాక్టర్‌కి చెప్పుకుంటాం అని బతిమాలాను. నా సరుకు గురించి కాదు, వాడి గురించి బతిమాలాను. "నిప్పునే ఆపే పౌడర్ మనిషినేం చేస్తుంది? పని ఎగ్గొట్టడానికి దగ్గుతున్నాడు" అని నవ్వి పెట్టేశాడు. రెండు నిమిషాల్లో నా నంబర్ బ్లాక్ చేశాడు. యాప్‌లో ఫిర్యాదు పెడితే, ఒక బస్తా తెరిచారు కాబట్టి మొత్తం ఆర్డర్‌కే వాపసు లేదని జవాబు వచ్చింది. కనీసం నేను పంపిన స్టిక్కర్ ఫోటో తెరిచి చూశారా అని కూడా అనుమానమే.

నిప్పును ఆపేది మనిషినేం చేస్తుంది అన్న మాటే నాకు కడుపు మండిస్తోంది, ఎందుకంటే ఈ పనిలో ఉన్న చాలామంది నిజంగా అలాగే నమ్ముతారు. మంటకు అడ్డం పడటం వేరు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం వేరు. యాంటిమొనీ ట్రైఆక్సైడ్ ఒక్కటే ఉంటే మంటను పెద్దగా ఆపలేదు. బ్రోమిన్ గానీ క్లోరిన్ గానీ ఉన్న రసాయనం తోడైతేనే పనిచేస్తుంది. మా పొడిని ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-రేలతో మూలకాలను పట్టే) పరీక్షకు ఇస్తే యాంటిమొనీతో పాటు బ్రోమిన్ కూడా దండిగా కనిపించింది. ఆ పరీక్ష మూలకాన్ని చూపిస్తుందే గానీ అది ఏ రసాయనంలో ఉందో చెప్పదు. ఇలాంటి మిశ్రమాల్లో ఒకప్పుడు విరివిగా వాడిన డెకాబీడీఈ అనే బ్రోమిన్ రసాయనాన్ని 2017లో స్టాక్‌హోం ఒప్పందం (ఎన్నాళ్లైనా చెడిపోని విష రసాయనాలపై దేశాల మధ్య ఒప్పందం) కింద తొలగించాల్సిన రసాయనాల్లో చేర్చారు. అదే అయి ఉంటుందేమోనన్న భయంతో ఇంకో పరీక్షకు పంపాను.

యాంటిమొనీ ట్రైఆక్సైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లో గ్రూప్ 2బీలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటిలో పెట్టింది. 2022లో మళ్లీ సమీక్షించి, ఈ పొడి కూడా చేరే ట్రైవాలెంట్ యాంటిమొనీ అనే రకాన్ని గ్రూప్ 2ఏకి, అంటే మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే వాటిలోకి మార్చింది. అమెరికాలో పనిచేసే చోట గాలిలో యాంటిమొనీకి ఉన్న పరిమితి ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాములు. చిటికెడు పొడి గాల్లో తేలినా ఒక గదికి ఆ పరిమితి దాటిపోతుంది. మేం వంచింది 25 కిలోలు.

కుర్రాడిని డాక్టర్ చూశారు. ఒక్క రోజుకే బెంబేలు పడొద్దు, మళ్లీ మాత్రం పీల్చకూడదు, దగ్గు తగ్గకపోతే రమ్మన్నారు. ముంజేతుల మీద చెమట పట్టే చోట ఎర్రటి పొక్కులు లేచాయి. యాంటిమొనీ దుమ్ములో పనిచేసేవాళ్లకు అలా వస్తాయట. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. ఆ పొడితో పోసిన ప్యానెళ్లన్నీ పక్కన పెట్టేశాను. హాలోజన్ (బ్రోమిన్, క్లోరిన్ లాంటివి) లేనిదే కావాలని అడిగిన కస్టమర్‌కి అవి ఇవ్వలేను. కోసినా, శాండింగ్ చేసినా మళ్లీ అదే దుమ్ము.

మీరు చేయాల్సింది కొంచెమే. 16 భాగాల సేఫ్టీ డేటా షీట్ చేతికి రాకుండా డబ్బు కట్టకండి. మూడో భాగంలో పదార్థం పేరు, సీఏఎస్ నంబర్ బస్తా మీది ముద్రతో సరిపోవాలి. ఎనిమిదో భాగంలో ఏ మాస్క్, ఏ గ్లౌజులు అని ఉంటుంది. గుడ్డ మాస్క్, సర్జికల్ మాస్క్ ఈ దుమ్మును ఆపవు, ముఖానికి బిగుతుగా పట్టే రెస్పిరేటర్ కావాలి. ఇప్పటికే ఒలికి ఉంటే ఊడ్చకండి, గాలి కొట్టకండి. హెపా ఫిల్టర్ (సన్నటి దుమ్మును కూడా పట్టేది) ఉన్న వాక్యూమ్‌తో గానీ తడి గుడ్డతో గానీ తీయండి, ఆ గుడ్డల్ని కవర్‌లో కట్టేయండి, డ్రైనేజీలోకి కడగొద్దు. బట్టలు అక్కడే మార్చుకుని విడిగా ఉతకండి. అసలుదో నకిలీదో చూద్దామని మంట మీద మాత్రం పెట్టకండి, బ్రోమిన్ ఉన్న పొడి అయితే ఆ పొగ ఇంకా చెడ్డది.

తొమ్మిది బస్తాలు మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి తాళం వేసి ఉంచాను. ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లతో మాట్లాడుతున్నాను. మీ బస్తా మీద కూడా చేతి వెడల్పు తెల్ల స్టిక్కర్, దాని మీద నల్ల అక్షరాల్లో ఏటీహెచ్ అని మాత్రమే ఉంటే, రెస్పిరేటర్ పెట్టుకుని మూల లేపి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఒక్కడి ఫోటోకు యాప్ వాళ్లు పలకలేదు. పది మందివి కలిపి మళ్లీ పంపుతాను.