సీలియా జన్యులోపాలు: ప్యానెల్, ఎక్సోమ్, పూర్తి జీనోమ్... ఏ పరీక్ష మేలు?

సీలియా అంటే కణాల మీద సన్నని వెంట్రుకల్లా పొడుచుకొచ్చే నిర్మాణాలు (ఒక్కటైతే సీలియం); చాలా కణాలు వాటితో సంకేతాలను అందుకుంటాయి. పిల్లల్లో జూబర్ట్ (మెదడు జబ్బు), బార్డెట్-బీడల్ (కన్ను, మూత్రపిండాలు, వేళ్ల లోపాలు కలిసొచ్చే జబ్బు), నెఫ్రోనోఫ్తిసిస్ (మూత్రపిండాల జబ్బు) వంటి సీలియా జబ్బు ఉందేమోనని వైద్యులు అనుమానించగానే కుటుంబాల నుంచి వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే. ఎంపిక చేసిన కొన్ని జన్యువులనే చూసే ప్యానెల్ చేయించాలా, జన్యువుల్లో ప్రోటీన్ తయారీకి సూచనలిచ్చే భాగాలను (ఎక్సాన్లను) చదివే ఎక్సోమా, డీఎన్‌ఏ మొత్తాన్ని చదివే పూర్తి జీనోమా? ఆ వెంటనే, ఏది ఎక్కువ జన్యువులను చూస్తుందని అడుగుతారు. జన్యువుల సంఖ్యను బట్టి పరీక్షను ఎంచుకోవడం సరికాదని నా అభిప్రాయం. ఆ పరీక్ష ఎలాంటి లోపాన్ని పట్టుకోగలదో ముందు తెలుసుకోవాలి.

సీఈపీ290 జన్యువునే తీసుకోండి. సీలియం మొదలయ్యే చోట ఏ ప్రోటీన్ లోపలికి వెళ్లాలో, ఏది బయటే ఆగాలో నియంత్రించే కట్టడంలో దీని ప్రోటీన్ ఒక భాగం. ఆ నియంత్రణ చెడితే సంకేతాలను అందుకునే ప్రోటీన్లు సీలియంలో సరిగా కుదురుకోవు. అవయవాల ఎదుగుదలను నడిపే హెడ్జ్‌హాగ్ వంటి సంకేతాలు కణానికి సవ్యంగా అందవు, మెదడు, మూత్రపిండాల నిర్మాణం దెబ్బతింటుంది. మెకెల్, జూబర్ట్ సిండ్రోమ్‌ల కారణాల్లో ఈ జన్యువు లోపాలూ ఉన్నాయి. అయితే ఇదే జన్యువు 26వ ఇంట్రాన్ (ఎక్సాన్ల మధ్య ఉండి, ప్రోటీన్‌కు సూచనలివ్వని భాగం) లోతుల్లో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారినప్పుడు జరిగేది వేరు. ఆ మార్పు వల్ల ఆర్‌ఎన్‌ఏలోకి అక్కరలేని ముక్క చొరబడి, ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. కొంత ఆర్‌ఎన్‌ఏ మాత్రం సవ్యంగానే తయారవుతుంది. అలా వచ్చే కాస్త ప్రోటీన్‌తో మూత్రపిండం, మెదడు నెట్టుకొస్తాయి. రెటీనాలోని కాంతిగ్రాహక కణానికి అది చాలదు. తనకు కావలసిన ఆప్సిన్ అనే కాంతిని పసిగట్టే ప్రోటీన్‌నంతా ఆ కణం సన్నని సీలియం గుండానే నిరంతరం పంపుకోవాలి మరి. అందుకే బిడ్డకు చూపు పోతుంది, లెబర్ పుట్టు అంధత్వం వస్తుంది.

ఈ మార్పును 2006లో గుర్తించారు. మనిషి శరీరంలోనే క్రిస్పర్‌తో జన్యువును సవరించే తొలి ప్రయత్నం 2020లో దీని మీదే జరిగింది. ఇంత పేరున్న లోపం కూడా మామూలు ఎక్సోమ్ పరీక్షకు కనిపించదు. ఎక్సోమ్ చదివేది ఎక్సాన్లను, వాటి అంచులను మాత్రమే. అవి మొత్తం జీనోమ్‌లో ఒకటి రెండు శాతం ఉంటాయి.

రెండో ఉదాహరణ ఎన్‌పీహెచ్‌పీ1. పిల్లల్లో వచ్చే నెఫ్రోనోఫ్తిసిస్‌కు ఎక్కువగా కనిపించే జన్యుకారణం ఈ జన్యువు మొత్తంగా ఎగిరిపోవడమే. అక్కడ తప్పుగా మారిన అక్షరమంటూ ఏదీ ఉండదు. అక్షరాల మార్పులనే వెతికే విశ్లేషణ అక్కడ ఖాళీ ఉందని గమనించకుండా దాటిపోవచ్చు. కాపీల సంఖ్యను, అంటే జన్యువు ఎన్ని ప్రతులుగా ఉందో కూడా లెక్కగడితేనే ఈ లోపం బయటపడుతుంది.

సీలియా జబ్బుల్లో ఎక్కువ భాగం రిసెసివ్ కాబట్టి జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉండాలి. ఎక్సోమ్‌లో ఒకటి దొరికి రెండోది దొరకకపోతే, బిడ్డ వాహకుడు (జబ్బు లేకుండా ఒక లోపాన్ని మోసేవాడు) మాత్రమేనని రిపోర్టు ముగించేయవచ్చు. లక్షణాలు ఆ జన్యువుకు అచ్చంగా సరిపోతున్నప్పుడు అలాంటి రిపోర్టును చివరి మాటగా తీసుకోకండి. రెండో లోపం ఏ ఇంట్రాన్‌లోనో, తెగిపోయిన ముక్కలోనో దాగి ఉండవచ్చు.

ఇలా చూస్తే ప్యానెల్‌ను తీసిపారేయలేం. బాగా రూపొందించిన ప్యానెల్ సీఈపీ290 ఇంట్రాన్ మార్పునూ ఎన్‌పీహెచ్‌పీ1 లోపాన్నీ కలుపుకొని, ప్రతి చోటునూ ఎక్కువసార్లు చదువుతుంది. మెదడు ఎమ్మారైలో దంతం ఆకారపు గుర్తు స్పష్టంగా ఉండి జూబర్ట్ అని దాదాపు తేలిపోయినప్పుడు అది ఎక్సోమ్ కన్నా మెరుగని కూడా అంటాను. చిక్కేమిటంటే దాని జాబితా తయారైన రోజు దగ్గరే ఆగిపోతుంది. జూబర్ట్‌కు ఇప్పటికే 40కి పైగా, బార్డెట్-బీడల్‌కు 20కి పైగా జన్యువులు తెలుసు, ఆ జాబితాలు ఇంకా పెరుగుతున్నాయి. అదనపు వేలు, కంటి లోపం, మూత్రపిండాల లోపం కలిసి వచ్చినప్పుడు ఏ జాబితా ఎంచుకోవాలో వైద్యులకే తేలకపోవచ్చు.

ఎక్సోమ్‌కున్న బలం, సమాచారాన్ని దాచుకుని కొత్త జన్యువులు బయటపడ్డాక మళ్లీ చదివించుకోవచ్చు. జీనోమ్ అందుబాటులో లేకపోతే కాపీల సంఖ్య కూడా చూసే ల్యాబ్‌లో ఎక్సోమ్ చేయించుకోండి.

అవకాశం ఉంటే మాత్రం నా ఓటు పూర్తి జీనోమ్‌కే. ఇంట్రాన్లు, ఎగిరిపోయిన పెద్ద భాగాలు, తారుమారైన ముక్కలు అన్నీ ఒకే పరీక్షలో చదవడానికి దొరుకుతాయి. దొరికినంత మాత్రాన ల్యాబ్ వాటిని చదువుతుందని లేదు. జీనోమ్ మొత్తం సేకరించి, విశ్లేషణ ఎక్సాన్ల దగ్గరే ఆపేసే చోట్లు ఉన్నాయి. అలా చేస్తే మీ చేతికొచ్చేది ఎక్సోమ్ రిపోర్టే. ఇంట్రాన్ మార్పులనూ ఎగిరిపోయిన భాగాలనూ రిపోర్టు చేస్తారా అని నమూనా ఇచ్చే ముందే అడగండి. అర్థం తేలని మార్పులు జీనోమ్‌లో ఎక్కువ వస్తాయన్నది నిజం. ఇంట్రాన్‌లో అనుమానం కలిగినప్పుడు ఆర్‌ఎన్‌ఏ పరీక్షతో నిర్ధారించుకోవలసి రావచ్చు.

పెద్దల్లో వచ్చే పాలీసిస్టిక్ కిడ్నీ జబ్బు (కిడ్నీల్లో నీటి తిత్తులు ఏర్పడే జబ్బు, ఇదీ సీలియా జబ్బే) దీనికి మినహాయింపు. పీకేడీ1 జన్యువులోని మొదటి 33 ఎక్సాన్లను పోలిన ఆరు నకళ్లు అదే 16వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. ఎక్సోమ్‌లోని చిన్న ముక్కలు అసలు జన్యువువో నకలువో తేల్చడం కష్టం. అక్కడ పీకేడీ1 కోసమే రూపొందించిన పరీక్ష అడగాలి. కుటుంబంలో జబ్బు ఉంటే తరచుగా అల్ట్రాసౌండే సరిపోతుంది.

శ్వాసనాళాల్లో కదిలే రకం సీలియా దెబ్బతిని, పుట్టినప్పటి నుంచి ముక్కు, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పరీక్ష కూడా ఒక దారి. అది బాగుందని వచ్చినా జబ్బు లేదనుకోవద్దు. డీఎన్‌ఏహెచ్11 అనే జన్యువు లోపంలో సీలియం నిర్మాణం మామూలుగానే కనిపిస్తుంది.

ఏ పరీక్ష చేయించినా తల్లిదండ్రుల నమూనాలు కూడా ఇవ్వండి. బిడ్డలో దొరికిన రెండు లోపాలూ ఒకే ప్రతిలో ఉన్నాయో, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చాయో వాటితోనే తెలుస్తుంది. ఒకే ప్రతిలో ఉంటే రెండో ప్రతిలోని లోపం కోసం ఇంకా వెతకాల్సిందే.